తుపాకుల మీద వాదనకు కొన్ని తలకిందుల సలహాలు

అమెరికాలో తెలుగువాళ్ల ఇళ్లలో శనివారం రాత్రి భోజనాల దగ్గర ఇళ్ల ధరలు, వీసాల గొడవ అయ్యాక తప్పకుండా వచ్చే మాట ఒకటుంది. ఆ వారంలో ఏదో ఊళ్లో, ఏదో బడిలో కాల్పులు జరిగి ఉంటాయి. ఎవరో ఒక డాక్యుమెంటరీ లింకు గ్రూపులో పెట్టి ఉంటారు. ఒకాయన వీడియో గేములంటాడు. ఇంకొకాయన తుపాకులంటాడు. వంటింట్లోంచి ఒకావిడ "అంతా పెంపకమండీ" అంటుంది. ఈలోగా "ఆ సినిమా తీసినవాడే పెద్ద అబద్ధాలకోరు బావగారూ" అని ఎవరో అంటారు. అక్కణ్ణుంచి చర్చ పిల్లల్ని వదిలేసి సినిమా మీద పడుతుంది. అదే ఇంట్లో పక్కగదిలో, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మకు ఒకటో తరగతి మనవరాలు లాక్‌డౌన్ డ్రిల్ చేసి చూపిస్తుంటుంది: లైటు తీసేయాలి, తలుపుకు కనబడని గోడవారగా కూచోవాలి, తుమ్మొచ్చినా చప్పుడు చేయకూడదు.

ఆ పిల్ల కోసమైనా ఈ వాదన సరిగ్గా జరగాలని నా తపన. ఇలాంటి చర్చకు దిగేవాళ్లకు మామూలుగా చెప్పే మాటలున్నాయి: మూలకారణం పట్టుకో, హంతకుడి మనసు అర్థం చేసుకో, మంచి డాక్యుమెంటరీ చూసి వెళ్లు, గట్టిగా మాట్లాడి నెగ్గుకురా. ఈ నాలుగూ మనల్ని ఎటూ కాకుండా చేశాయి. నేను వాటికి సరిగ్గా ఎదురు చెప్పబోతున్నాను. వినగానే పెడసరంగా అనిపిస్తాయి. అయినా చెబుతాను.

మూలకారణం వెతకడం మానేయండి

1999 ఏప్రిల్ 20న కొలరాడోలో లిటిల్టన్ దగ్గరి కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు పన్నెండు మంది తోటి విద్యార్థుల్ని, ఒక టీచర్ని చంపి తమను తాము కాల్చుకున్నారు. కొద్ది రోజుల్లోనే టీవీల్లో కారణాలు వరసకట్టాయి. నల్ల పొడుగు కోట్ల ముఠా అన్నారు. మెరిలిన్ మాన్సన్ పాటలన్నారు. డూమ్ అనే వీడియో గేమ్ అన్నారు. బడిలో ఆటగాళ్లు ఏడిపిస్తే పగబట్టారన్నారు. అప్పుడు పుట్టిన ఈ కథల్నే మనం పాతికేళ్లుగా భోజనాల దగ్గర వడ్డించుకుంటున్నాం.

దర్యాప్తు చేసినవాళ్లకు దొరికింది వేరు. వాళ్లిద్దరి అసలు పథకం కాల్పులు కాదు, పేలుళ్లు. మధ్యాహ్నం కేఫెటేరియా కిటకిటలాడే వేళకు పేలేలా ప్రొపేన్ బాంబులు పెట్టారు. అవి పేలలేదు. పేలి ఉంటే వందల్లో పోయేవారు. ఏడిపించినవాళ్ల మీద పగే అయితే ఆ బాంబు ఏడిపించినవాణ్ణీ, ఏడ్చినవాణ్ణీ, తమ సొంత స్నేహితుణ్ణీ ఎలా వేరుచేస్తుంది? కోట్ల ముఠా కథా నిలబడలేదు. మాన్సన్ అభిమానులన్న మాటా నిలబడలేదు. డూమ్ ఆడింది నిజమే. ఆ ఏళ్లలో దాన్ని ఆడి, పెద్దవాళ్లై, ఇవాళ ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. జపాన్, దక్షిణ కొరియా పిల్లలూ ఇలాంటి ఆటలే ఆడతారు, అక్కడి బడుల్లో ఇలాంటి కాల్పులు దాదాపు లేవు.

కొలంబైన్ తర్వాత అమెరికా సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి 1974 నుంచి 2000 దాకా బడుల్లో జరిగిన 37 దాడుల్ని, వాటికి పాల్పడిన 41 మందిని పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చాయి. దేశాధ్యక్షుణ్ణి కాపాడే సంస్థకు ప్రమాదాన్ని ముందే పసిగట్టడం వృత్తి. ఇలాంటివాడే చేస్తాడని చూపించే ఒక మూసను వాళ్లు పట్టుకోగలిగారా అంటే, లేదు. బాగా చదివేవాళ్లున్నారు, చదవనివాళ్లున్నారు. ఒంటరివాళ్లున్నారు, చుట్టూ నేస్తాలున్నవాళ్లూ ఉన్నారు. హింసాత్మక వీడియో గేముల మీద మోజు కనబడింది వందకు పన్నెండు మందిలోనే.

మరి మనకు కారణం మీద ఇంత మమకారం ఎందుకు? నాకు అర్థమైంది ఇది: ప్రతివాడూ తనకు పైసా ఖర్చు కాని కారణాన్నే ఎంచుకుంటాడు. తుపాకీ ఉన్నవాడు గేముల్ని తిడతాడు, గేములు అమ్మేవాడు తుపాకుల్ని తిడతాడు, పిల్లలు లేనివాడు పెంపకాన్ని తిడతాడు. మన ఊళ్లలో కుర్రాడు దారితప్పితే "సినిమాలు చూసి చెడిపోయాడు" అని తేల్చేసి నిద్రపోయేవాళ్లం. ఆ అలవాటును సూట్‌కేసులో పెట్టుకుని ఇక్కడికి తెచ్చుకున్నాం.

హంతకుడి గురించి తక్కువ తెలుసుకోండి

అతని డైరీలు, వీడియోలు, చివరి మాటలు వెతక్కండి. వాటి కోసమే చేసినవాళ్లున్నారు. 2012 డిసెంబర్‌లో కనెటికట్‌లోని శాండీ హుక్ బడిలో ఇరవై మంది పసిపిల్లల్ని, ఆరుగురు పెద్దల్ని చంపినవాడు కొలంబైన్ వివరాలు పోగుచేసుకున్నవాడే. 2019లో న్యూజీలాండ్ మసీదుల్లో నరమేధం జరిగాక, అప్పటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ హంతకుడి పేరు తన నోట రాదని పార్లమెంటులోనే చెప్పారు. ఈ వ్యాసంలో నేనూ ఏ హంతకుడి పేరూ రాయను.

తుపాకీ ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగండి

మనిషి మనసును తవ్వితే ఊహలే దొరుకుతాయి. తుపాకీ వెంట వెనక్కి నడిస్తే రసీదులు, సాక్షులు, కోర్టు కాగితాలు దొరుకుతాయి. చర్చలో ఎవరైనా "వాడికి ఆ బుద్ధి ఎందుకు పుట్టిందంటే..." అని మొదలుపెడితే, మర్యాదగా ఆపి "వాడికి ఆ తుపాకీ ఎవరిచ్చారండీ?" అని అడగండి. గది చల్లబడుతుంది. ఫరవాలేదు.

కొలంబైన్‌నే చూడండి. అక్కడ వాడినవి నాలుగు తుపాకులు. రెండు షాట్‌గన్లు, ఒక కార్బైన్ రైఫిల్. ఈ మూడింటినీ వాళ్లకు తెలిసిన ఒక అమ్మాయి 1998 చివర్లో గన్ షోలో కొనిపెట్టింది. ఆమెకు పద్దెనిమిది నిండాయి, వాళ్లకు అప్పటికి నిండలేదు. లైసెన్సున్న దుకాణందారు దగ్గరైతే బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉండేది. సొంత తుపాకీ అమ్ముకునేవాళ్ల దగ్గర అది అక్కర్లేదు, అందుకే వాళ్ల దగ్గరే కొన్నారు. చెక్ ఉండి ఉంటే కొనేదాన్నే కాదని ఆ అమ్మాయి ఆ తర్వాత కొలరాడో శాసనసభ ముందు చెప్పింది. నాలుగోది టెక్-9 చేతితుపాకీ. ఒక యువకుడు 500 డాలర్లకు అమ్మాడు, మైనర్లకు అమ్మినందుకు ఆరేళ్ల శిక్ష పడింది.

ఇంకాస్త వెనక్కి వెళ్లండి. ఆ ఇద్దరిలో ఒకడు ఇంటర్నెట్‌లో చంపుతానని బెదిరిస్తున్నాడని, పైపు బాంబులు చేస్తున్నానని రాసుకుంటున్నాడని ఒక కుటుంబం 1998లోనే షెరీఫ్ ఆఫీసుకు ఫిర్యాదు చేసింది. ఇల్లు సోదా చేయడానికి వారంట్ కోరుతూ అఫిడవిట్ ముసాయిదా కూడా తయారైంది. అది జడ్జి దాకా పోలేదు. ఆ కాగితం ఉందన్న సంగతి లోకానికి తెలిసింది 2001లో.

అక్కడ పోరాడినవాళ్లు కూడా ఈ దారినే పట్టారు. గన్ షోల్లో చెక్ పెట్టాలన్న బిల్లు కొలరాడో శాసనసభలో వీగిపోయింది. కొలంబైన్‌లో కొడుకును పోగొట్టుకున్న ఒక తండ్రి, ఆయనతో కలిసినవాళ్లు ఊరూరా తిరిగి సంతకాలు సేకరించి దాన్ని ప్రజల ఓటుకే పెట్టించారు. 2000 నవంబర్‌లో పదిమందిలో ఏడుగురు అవునన్నారు. వేటాడేవాళ్లూ, ఇంట్లో తుపాకులున్నవాళ్లూ దండిగా ఉన్న రాష్ట్రం అది. పిల్లలు ఎందుకు చెడిపోతున్నారో తేలేదాకా ఆగుదామని వాళ్లు అనుకుని ఉంటే ఆ ఓటు ఈనాటికీ జరిగేది కాదు.

2002 నివేదికలోనూ బరువైన అంకెలు ఇవే. పదింట ఎనిమిది దాడుల్లో విషయం కనీసం ఒకరికి ముందే తెలుసు, వాళ్లు ఎక్కువగా తోటి పిల్లలే. మూడింట రెండొంతుల మందికి తుపాకీ దొరికింది సొంత ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో.

ఇరవై ఏళ్ల తర్వాతా మారలేదు. మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో 2021 నవంబర్ 30న పదిహేనేళ్ల కుర్రాడు నలుగురు విద్యార్థుల్ని చంపాడు. నాలుగు రోజుల ముందు తండ్రి ఆ తుపాకీ కొన్నాడు. ఆ పొద్దున్నే కుర్రాడి లెక్కల కాగితం మీద తుపాకీ, నెత్తుటి బొమ్మలు, సాయం చేయమన్న రాతలు చూసి టీచర్ గాభరాపడింది. తల్లిదండ్రుల్ని పిలిపించారు. వాళ్లు వచ్చారు, మాట్లాడారు, కొడుకును ఇంటికి తీసుకెళ్లకుండానే వెళ్లిపోయారు. తుపాకీ ఆ కుర్రాడి సంచిలోనే ఉంది. ఇంట్లోవాళ్లు గానీ బడివాళ్లు గానీ ఆ సంచి విప్పలేదు. తల్లినీ తండ్రినీ విడివిడిగా విచారించి 2024లో ఇద్దరికీ పది నుంచి పదిహేనేళ్ల జైలు వేశారు. ఆ గదిలో కూర్చున్నవాళ్లలో ఒక్కరు "సంచి చూద్దాం" అని ఉంటే సరిపోయేది. అప్పటికి ఆ కుర్రాడి మూలకారణం ఎవరికీ తెలియనక్కర్లేదు.

మీవైపు మాట్లాడే డాక్యుమెంటరీని ముందు నిలదీయండి

ఎదుటివాడి సినిమాలో తప్పులు మీకు ఎలాగూ కనబడతాయి. మీకు కళ్లు చెమర్చిన సినిమా దగ్గరే జాగ్రత్త కావాలి.

నాకు తుపాకుల మీద గట్టి అదుపు కావాలి. కాబట్టి నావైపు సినిమా మైకేల్ మూర్ తీసిన 'బౌలింగ్ ఫర్ కొలంబైన్'. 2002లో వచ్చింది, మరుసటి ఏడు ఆస్కార్ గెలుచుకుంది. దాని పేరులోనే ఒక చిక్కుంది. హంతకులు ఆ పొద్దున బౌలింగ్‌కు వెళ్లారు గదా, పాటల్ని తిట్టేవాళ్లు బౌలింగ్‌ను ఎందుకు తిట్టరని మూర్ అడుగుతాడు. ప్రశ్న పదునైనదే. కానీ వాళ్లు ఆ రోజు బౌలింగ్ క్లాసుకు రానేలేదని పోలీసులు తేల్చారు.

ఇంకోచోట చూడండి. తుపాకీ హక్కుల సంస్థ నేషనల్ రైఫిల్ అసోసియేషన్ అప్పటి అధ్యక్షుడు, నటుడు చార్ల్‌టన్ హెస్టన్ తుపాకీ పైకెత్తి, నా ప్రాణం పోయాకే దీన్ని నా చేతిలోంచి లాక్కోగలరని గర్జిస్తాడు. వెంటనే కొలంబైన్ దుఃఖం, అది జరిగి రెండు వారాలు తిరక్కుండానే డెన్వర్‌లో ఆ సంస్థ పెట్టిన సభ, అక్కడ హెస్టన్ ఉపన్యాసం. చూసేవాళ్లకు రక్తం మరుగుతుంది. కానీ తుపాకీ ఎత్తింది డెన్వర్‌లో కాదు. ఏడాది తర్వాత నార్త్ కరోలైనాలోని షార్లట్‌లో. ముక్క మారగానే ఆయన చొక్కా, టై కూడా మారిపోతాయి. సినిమా ఆపి వెనక్కి తిప్పి చూడండి, మీకే కనబడుతుంది. డెన్వర్ సభ పెట్టడమే తప్పని అనడానికి నిజాలు చాలు, ఆ నగర మేయరే రావద్దని అడిగాడు. అలాంటప్పుడు ఈ అతుకు ఎందుకు వేయాలి? దీనివల్ల నావైపు వాదన బలపడలేదు. తుపాకీ ప్రియులకు ఇరవై ఏళ్లకు సరిపడా జవాబు దొరికింది.

2016లో వచ్చిన 'అండర్ ద గన్' ఇంతకంటే ఘోరం. వర్జీనియాలో తుపాకీ హక్కుల వాళ్లను కూర్చోబెట్టి జర్నలిస్టు కేటీ కూరిక్ అడుగుతుంది: బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లు లేకపోతే నేరస్తులకు, ఉగ్రవాదులకు తుపాకీ దొరక్కుండా ఎలా ఆపుతారు? తెర మీద ఎవరూ పలకరు. ఒకరు కిందికి చూస్తారు, ఒకరు పక్కకు చూస్తారు. దాదాపు ఎనిమిది సెకన్ల మౌనం. కానీ వాళ్లు తమ వైపు నుంచీ ఆడియో రికార్డు చేసుకున్నారు. అందులో ఆ ప్రశ్నకు జవాబులు వెంటనే వస్తాయి. ఆ జవాబులతో నేను ఏకీభవించను. కానీ మాట్లాడినవాళ్లను మూగవాళ్లను చేయడం అబద్ధమే. కూరిక్ తర్వాత తప్పు ఒప్పుకుంది. వాళ్లు వేసిన పరువునష్టం దావాను కోర్టు కొట్టేసింది. కోర్టులో నెగ్గినంత మాత్రాన ఆ మౌనం నిజమైపోదు.

చూసేటప్పుడు ఒక పని చేయండి. మీకు కోపం నషాళానికి అంటిన చోట ఆపండి. ఈ మాటకూ ఆ బొమ్మకూ మధ్య ఎన్నాళ్ల తేడా ఉందో, ప్రశ్న అడిగినచోటే జవాబు చెప్పారో లేదో చూడండి. డాక్యుమెంటరీలో మోసం ఉంటే అది ఎక్కువగా అతుకుల్లోనే ఉంటుంది.

అబద్ధం దొరికినా సినిమాను అవతల పారేయకండి

ఇది అందరికంటే కష్టమైన సలహా. తప్పు ఒకటి చూపించగానే "అయితే అంతా బూటకమే" అని లేచిపోవడం మన చర్చల్లో రివాజు. అది బద్ధకం.

మూర్ సినిమాలోనే వరసగా కొన్ని అంకెలు వస్తాయి. ఏడాదిలో తుపాకులతో హత్యకు గురైనవాళ్లు జర్మనీలో 381, ఫ్రాన్స్‌లో 255, కెనడాలో 165, బ్రిటన్‌లో 68, ఆస్ట్రేలియాలో 65, జపాన్‌లో 39, అమెరికాలో 11,127. హాలులో ఊపిరి బిగబట్టే చోటు అది. విమర్శకులు అన్నదీ నిజమే, జనాభా లెక్క వేయకుండా ఇలా పోల్చకూడదు. సరే, మనమే వేద్దాం. అప్పటి అమెరికా జనాభా దాదాపు 28 కోట్లు, కెనడాది 3.1 కోట్లు, అంటే తొమ్మిదో వంతు. మూర్ చూపించిన తేడా 67 రెట్లు. తొమ్మిదితో భాగిస్తే ఏడు రెట్ల పైచిలుకు. జపాన్‌తో అయితే జనాభా సరిచేశాక కూడా వంద రెట్లు దాటుతుంది. అతిశయోక్తి తీసేశాక మిగిలిందే ఇంత. ఆ మిగిలినదాన్ని పట్టుకుని మాట్లాడండి, ఎవరూ కాదనలేరు.

ఆ సినిమాలోనే ఇంకో భాగం చూడండి. 2000 ఫిబ్రవరి 29న మిషిగన్‌లో ఫ్లింట్ దగ్గర ఆరేళ్ల పాపను అదే తరగతి కుర్రాడు, అదే వయసువాడు, బడిలో కాల్చి చంపాడు. తుపాకీ అతనుంటున్న మేనమామ ఇంట్లో దొరికింది. ప్రభుత్వ సాయం అందాలంటే పని చేసి తీరాలన్న పథకం కింద ఆ కుర్రాడి తల్లి పొద్దున్నే బస్సెక్కి దూరం పోయి పనిచేసి రాత్రికి వచ్చేదని సినిమా చూపిస్తుంది. కెమెరా ఆ బస్సెక్కి ఆ దారంతా వెళ్తుంది. ఆ భాగంలోనే హెస్టన్ నెలల తర్వాత ఎన్నికల సభకు వచ్చిన సంగతిని, పాప చావు వెంటనే వచ్చినట్టు అతికారు. అతుకును తప్పుపట్టండి, బస్సును మరిచిపోకండి. ఆరేళ్లవాడికి మూలకారణం ఏముంటుంది? చేతికందిన తుపాకీ, ఇంట్లో లేని పెద్దలు.

పెద్ద ఊచకోతల్ని కాసేపు పక్కన పెట్టండి

ఇలా అనడానికి నాకే మనసొప్పదు. 2023 మేలో టెక్సస్‌లోని ఆలెన్ మాల్‌లో చనిపోయిన ఎనిమిది మందిలో ఒక తెలుగు ఇంజినీరు అమ్మాయి ఉంది. అక్కడ కాల్చినవాడు కుర్రాడు కూడా కాడు, ముప్పై దాటినవాడు. మనకు ఇలాంటివే గుర్తుంటాయి. కెమెరాలూ అక్కడికే పరిగెడతాయి.

2020లో అమెరికాలో ఒకటి నుంచి పంతొమ్మిదేళ్ల వయసు పిల్లల మరణాలకు తుపాకీ మొదటి కారణమైంది, రోడ్డు ప్రమాదాల్ని దాటేసింది. ఏడాది దాటిన పసివాళ్ల నుంచి పంతొమ్మిదేళ్ల వాళ్ల దాకా ఆ ఒక్క ఏడే 4,300 మందికి పైగా పోయారు. ఆ ఏడాది కోవిడ్ వల్ల బడులు చాలామటుకు మూసే ఉన్నాయని గుర్తుచేసుకోండి. మరి వీళ్లెక్కడ పోయారు? పెద్ద భాగం వీధుల్లో, ఇళ్లలో హత్యలు. అందులో నల్లజాతి కుర్రాళ్లు వాళ్ల జనాభాకు ఎన్నో రెట్లు ఎక్కువ. మిగతావాటిలో ఎక్కువ ఆత్మహత్యలు. వీటికి హెలికాప్టర్ దృశ్యాలుండవు. ఒకవైపుకు ఒరిగిన సినిమా ఏదని మనం కొట్టుకుంటాం గానీ, ఎవరూ తీయని సినిమాలోని పక్షపాతం అన్నిటికంటే పెద్దది.

పరిశోధనకూ ఇదే గతి పట్టింది. 1996లో అమెరికా కాంగ్రెస్ పెట్టిన డికీ సవరణ వల్ల, ప్రభుత్వ ఆరోగ్యసంస్థ సీడీసీ రెండు దశాబ్దాల పాటు తుపాకుల జోలికి పోవడానికే జంకింది. మళ్లీ నిధులు కేటాయించింది 2019 చివర్లో. ఆ సవరణ తెచ్చిన జే డికీయే తర్వాత బాధపడ్డాడు.

చూడాలనుకుంటే స్టీవ్ జేమ్స్ 2011లో తీసిన 'ద ఇంటరప్టర్స్' చూడండి. గ్యారీ స్లట్కిన్ అంటురోగాల మీద పనిచేసిన డాక్టరు. తుపాకీ హింసా మనిషి నుంచి మనిషికి అంటుకుంటుందని ఆయన షికాగోలో సీజ్‌ఫైర్ అనే సంస్థ పెట్టాడు. ఈ సినిమా ఆ సంస్థ గురించే. అందులో ఒకప్పుడు ముఠాల్లో తిరిగినవాళ్లే పగ తీర్చుకోబోయే కుర్రాడి ఇంటికెళ్లి గుమ్మంలోనే ఆపి కూర్చోబెడతారు. "నువ్వెందుకిలా అయ్యావు" అని అడగరు. ఈ రాత్రి గడవాలి, అంతే వాళ్ల పట్టు.

వాదనలో ఓడిపోండి

ఎదుటివాడు చెప్పిన దాంట్లో నిజం ఉన్నచోట ఒప్పేసుకోండి. "మీరన్నది కరెక్టే అన్నయ్యా, ఆ సీను అతికిందే" అనండి. "పెంపకమూ ముఖ్యమే వదినా" అనండి. ఓడిపోయినవాడి మాటకు ఎవరూ అడ్డు రారు. అప్పుడు నెమ్మదిగా అడగాల్సింది అడగొచ్చు: సరేగానీ, మన పిల్లలు ఆడుకోవడానికి వెళ్లే ఇళ్లలో తుపాకులున్నాయా?

మనవాళ్లలో కొన్నవాళ్లూ ఉన్నారు. దొంగల భయమంటారు. వాళ్లను తిట్టకండి, తాళం అడగండి. పిల్లల చేతికి తుపాకీ అందకుండా దాచాలన్న చట్టాలున్న చోట్ల పిల్లల ఆత్మహత్యలు, పొరపాటు కాల్పులు తగ్గుతున్నాయనడానికి మంచి ఆధారాలున్నాయని ర్యాండ్ సంస్థ పరిశోధనల్ని జల్లెడపట్టి చెప్పింది. ఈ విషయంలో తుపాకీ ఉన్నవాళ్లూ లేనివాళ్లూ శత్రువులు కానక్కర్లేదు.

కొత్త స్నేహితుడి ఇంటికి పిల్లాణ్ణి పంపేముందు "మావాడికి వేరుశనగ పడదండీ" అని చెప్పడానికి మనకు మొహమాటం లేదు. కుక్క ఉందా, స్విమ్మింగ్ పూల్‌కు కంచె ఉందా అనీ అడుగుతాం. అదే గొంతుతో, అదే వరసలో ఇదీ అడగండి: ఇంట్లో తుపాకీ ఉందా, ఉంటే తాళం వేసి ఉందా, తూటాలు వేరే చోట ఉన్నాయా, ఆ తాళంచెవి పిల్లలకు దొరుకుతుందా? తెల్లవాళ్లనే కాదు, మనవాళ్లనూ అడగండి. చాలామంది ఏమీ అనుకోరు, చెబుతారు. ఎవరికైనా కోపమొస్తే ఆ పూట వాళ్ల పిల్లల్నే మీ ఇంటికి రమ్మనండి.